కోర్ డంప్‌ను జీడీబీ ఎందుకు చదవలేకపోతోంది?

లైనక్స్‌లో ప్రోగ్రామ్ క్రాష్ అయ్యాక వచ్చిన కోర్ ఫైల్‌ను (క్రాష్ క్షణంలో ప్రోగ్రామ్ మెమరీని దాచిన ఫైల్, దీన్నే కోర్ డంప్ అంటారు) తెరవబోతే, ఫార్మాట్ గుర్తుపట్టలేనని జీడీబీ (తప్పులు వెతికే డీబగ్గర్) అంటోందా? టెన్షన్‌లో ఆ ఫైల్ మాత్రం డిలీట్ చేయకండి. అదే క్రాష్ మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేం.

ముందు ఆ డంప్ మీద, ఫైల్ ఏ రకమో చెప్పే 'ఫైల్' కమాండ్ నడపండి. 'ఈఎల్ఎఫ్ కోర్ ఫైల్' అని కాకుండా 'జెడ్‌స్టాండర్డ్ కంప్రెస్డ్ డేటా' అని వస్తే కారణం దొరికినట్టే. ఇప్పటి చాలా లైనక్స్ డిస్ట్రోల్లో సిస్టమ్‌డీ (సిస్టమ్ సేవలను నడిపించే సాఫ్ట్‌వేర్) డంపులను కుదించి దాస్తుంది. అలా కుదించినదాన్ని జీడీబీ నేరుగా చదవలేదు. విప్పి ఇవ్వాలి, లేదా సిస్టమ్‌డీ దాచిన డంపులను చూపే 'కోర్‌డంప్‌సీటీఎల్' కమాండ్ ద్వారానే జీడీబీని తెరవాలి. నేనైతే రెండోదే వాడతాను, ఏ ప్రోగ్రామ్ డంపో అదే వెతికి పెడుతుంది.

'ట్రంకేటెడ్' అన్న హెచ్చరిక వస్తే ఫైల్ మధ్యలోనే తెగిపోయిందని అర్థం. డిస్క్ నిండి ఉండొచ్చు, 'యూలిమిట్' (ప్రోగ్రామ్‌లకు పరిమితులు పెట్టే కమాండ్)లో కోర్ సైజు పరిమితి తక్కువ ఉండొచ్చు. పోయిన భాగం తిరిగి రాదు. పరిమితి ఎత్తేసి మళ్ళీ క్రాష్ చేయించాల్సిందే.

డంప్ తెరుచుకున్నా బ్యాక్‌ట్రేస్ (క్రాష్ వరకు పిలిచిన ఫంక్షన్ల వరుస) నిండా ఫంక్షన్ పేర్ల బదులు జంట ప్రశ్నార్థకాలే కనిపిస్తున్నాయా? మీరు జీడీబీకి ఇచ్చిన ప్రోగ్రామ్ ఫైల్ క్రాష్ అయిన బిల్డ్ కాకపోవచ్చు. సోర్స్ అదే అయినా సరిపోదు, బిల్డ్ ఐడీ (ఆ బిల్డ్‌ను గుర్తించే సంఖ్య) కూడా కలవాలి.