భోజనం దగ్గర ఆగిపోయిన వ్యాసం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన టవర్ ఆఫ్ లండన్ వ్యాసం నిన్న రాత్రి ఒకసారి, ఇవాళ పొద్దున కాఫీ తాగాక ఇంకోసారి చదివాను. బాగా రాశావు. ఏడు పేజీల్లో ఆరున్నర పేజీలు కోట గురించే. విలియం రాజు 1070లలో వైట్ టవర్ కట్టడం మొదలుపెట్టించిన సంగతి, 1536లో ఆన్ బోలీన్ రాణి తల నరికిన సంగతి, కోట కాపలాగా పెంచుకునే బొంతకాకులు, అన్నీ ఉన్నాయి. చివర్లో మాత్రం ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకున్నావు: "తర్వాత దగ్గర్లో ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో భోంచేసి ఇంటికి చేరాం."

ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. మొన్న ఫోన్లో నువ్వు నాకు చెప్పింది ఇది కాదు కదమ్మా. గేటు బయటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటిందన్నావు. ఆ మెట్లన్నీ ఎక్కి దిగి నాన్నగారి మోకాళ్ళు పట్టేశాయి, ఎక్కడైనా ఇంత పెరుగన్నం దొరికితే చాలన్నారు. శనివారం కాబట్టి అమ్మ నీచు ముట్టదు. తమ్ముడు ఈస్ట్ హామ్ వెళ్ళి దోసెలు తిందామన్నాడు. నువ్వు ఇండియన్ హోటళ్ళ వీధి బ్రిక్ లేన్ అన్నావు. అరగంట సేపు నలుగురూ నాలుగు వైపులా లాక్కున్నారు. అది చెబుతున్నప్పుడు నీ గొంతులో ఉన్న ప్రాణం ఆరున్నర పేజీల కోట వర్ణనలో నాకు దొరకలేదు.

కోట గురించి నీకంటే ముందు వేలమంది రాశారు. ఆ అరగంట గురించి రాయగలిగింది మాత్రం నువ్వొక్కదానివే.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చిన చోటు ఒకటుంది. "నాన్న కోహినూర్ చూడటానికి మూడుసార్లు తిరిగొచ్చారు" అని రాశావు. ఆ గది నాకు తెలుసు. లోపల ఫోటోలు తీయనివ్వరు. కిరీటాల ముందు జనం గుమిగూడకుండా నేలే కదులుతుంటుంది, ఎయిర్‌పోర్టుల్లో ఉన్నట్టు. నిలబడి చూద్దామన్నా అది మనల్ని ముందుకు లాక్కుపోతుంది. 1937లో చేయించిన రాణిగారి కిరీటంలో పొదిగిన ఆ రాయి ఎదురుగా ఉండేది కొద్ది క్షణాలే. నాన్నగారు వెనక్కొచ్చి మళ్ళీ ఎక్కి, మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ ఎక్కారు. పల్నాడు మనిషి. ఆ రాయి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చిన్నప్పటి నుంచీ విని పెరిగినవాడు. కొల్లూరు గనుల నేల ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. ఊరి నేల నీళ్ళలో ఉంటే ఊరి రాయి అద్దాల పెట్టెలో కనబడింది. అలాంటి మనిషి బయటికొచ్చి పెరుగన్నం అడిగాడంటే, ఆ అడగడం ఉత్త ఆకలేనా? నువ్వు ఆలోచించాల్సింది అక్కడ.

ఇదే దారిలో నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఇరవై ఏళ్ళ కిందట మొదటిసారి ఆ కోట చూసి, ఆల్డ్‌గేట్ మీదుగా నడుచుకుంటూ బ్రిక్ లేన్ వెళ్ళాను. తాపీగా నడిస్తే ఇరవై నిమిషాలు. అప్పట్లో ఆ వీధిలో ప్రతి హోటల్ గుమ్మం ముందూ ఒకాయన నిలబడి డిస్కౌంట్ ఇస్తాం, రండి రండి అని పిలిచేవాడు. ఆకలి మీదున్నాను, మొదట పిలిచినవాడి వెంట వెళ్ళిపోయాను. మెనూలో 'మద్రాస్ కర్రీ' అని కనబడగానే ప్రాణం లేచొచ్చింది. వచ్చింది ఎర్రటి టమాటా పులుసు లాంటిది. చింతపండు జాడ లేదు, కరివేపాకు లేదు. అడక్కుండానే తెచ్చిపెట్టిన అప్పడాలకు బిల్లు వేశారు, దాని మీద సర్వీస్ ఛార్జ్. ఆ కోపంలో తిరిగొచ్చి ఒక వ్యాసం రాశాను. మన రాయిని లాక్కున్నవాళ్ళ ఊళ్ళో మన కూరని కూడా పాడుచేశారని. అచ్చయింది, చాలామంది మెచ్చుకున్నారు. ఇవాళ దాన్ని చదవడం నాకు కష్టంగా ఉంటుంది. ఆ కూర వండింది ఎవరో, ఎందుకలా వండారో ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా రాశాను.

కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు అడిగాను. బ్రిటన్‌లో ఇండియన్ అని బోర్డు పెట్టుకున్న హోటళ్ళలో చాలా భాగం బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం వాళ్ళవి. బ్రిక్ లేన్‌లోనైతే చెప్పనే అక్కర్లేదు. వాళ్ళ తాతలు బ్రిటిష్ ఓడల ఇంజన్ గదుల్లో బొగ్గు వేసే పనికి కుదిరి, లండన్ రేవులో దిగి, కొందరు అక్కడే ఉండిపోయారు. అప్పటికి సిల్హెట్ బ్రిటిష్ ఇండియాలో అస్సాం కింద ఉండేది. 1947లో రెఫరెండం తర్వాత తూర్పు పాకిస్తాన్‌లో కలిసింది, 1971లో బంగ్లాదేశ్ అయింది. ఊరికి దేశం రెండుసార్లు మారింది, హోటల్ బోర్డు మీద మాత్రం ఇండియన్ అనే మాటే నిలిచిపోయింది. తినడానికొచ్చే తెల్లవాళ్ళకి తెలిసిన మాట అదే కదా.

ఆ కూర సంగతి కూడా అప్పుడే అర్థమైంది. ఒక పెద్ద గిన్నెలో ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, కాస్త టమాటా, పసుపు వేసి గంటల తరబడి ఉడికించి మెత్తగా రుబ్బి ఉంచుకుంటారు. మాంసం కూడా ముందే ఉడికించి పక్కన పెడతారు. ఆర్డరు రాగానే పెనంలో నూనె, మసాలా పొడి, రెండు గరిటెలు ఆ గుజ్జు, నాలుగు ముక్కలు. కొబ్బరి, మీగడ పడితే కుర్మా, కారం ఎక్కువేస్తే మద్రాస్, ఇంకా ఎక్కువేస్తే విందాలూ, పప్పు కలిపితే ధన్సాక్. పది నిమిషాల్లో టేబుల్ మీద ఉంటుంది. చెన్నైలో ఎవరికీ ఆ మద్రాస్ కర్రీ తెలియదు, నిజమే. ఇరుకు వంటిల్లు, తక్కువమంది పనివాళ్ళు, రాత్రి పొద్దుపోయి గుంపుగా వచ్చే గిరాకీ, వీటన్నిటికీ సరిపోయేలా కనిపెట్టిన పద్ధతి అది. దాన్ని మా అమ్మ వంటతో పోల్చి తక్కువ చేశాను. నువ్వు ఆ పని చేయకు.

ఆ రెండోసారి వెయిటర్‌ని అడిగాను, మీరు ఇవాళ మధ్యాహ్నం ఏం తిన్నారు అని. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, లోపలికెళ్ళి చిన్న గిన్నెలో చేపల పులుసు తెచ్చాడు. పల్చటి పులుసు, అందులో మందపాటి తొక్కతో సహా తరిగిన ఏదో కాయ ముక్కలు. షాత్కొరా అన్నాడు. సిల్హెట్ నిమ్మజాతి కాయ. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు మా ఇంట్లో దబ్బకాయ పులిహోర కలిపేటప్పుడు వచ్చే వాసన గుర్తొచ్చింది. కొరికితే ముందు పులుపు, వెనకాలే సన్నటి చేదు. ఆ చేదు కాసేపు నాలుక మీదే ఉంది. మెనూ అంతా వెతికితే ఆ పులుసు ఎక్కడా లేదు. వాళ్ళకోసం వాళ్ళు వండుకున్నది.

అందుకే నీకు చెప్పేది, రెస్టారెంట్ ఎంచుకోవడమంటే ఎవరి వంటింటికి వెళ్తున్నామో ఎంచుకోవడం. దాన్ని రాయి. టవర్ హిల్ స్టేషన్లో మీ నలుగురూ నిలబడిన డిస్ట్రిక్ట్ లైన్ ప్లాట్‌ఫారం గుర్తుచేసుకో. తూర్పు వైపు వెళ్ళే రైలెక్కి మొదటి స్టాపు ఆల్డ్‌గేట్ ఈస్ట్‌లో దిగితే నాలుగడుగుల్లో బ్రిక్ లేన్. అదే రైల్లో కూర్చుని పదో స్టాపులో దిగితే ఈస్ట్ హామ్. అక్కడ తమిళ, మలయాళీ హోటళ్ళలో ఇడ్లీ, సాంబారు, పెరుగన్నం అన్నీ దొరుకుతాయి. తమ్ముడు అడిగింది తెలిసిన రుచిని, నువ్వు అడిగింది తెలియని మనుషుల్ని. ఇద్దరూ ఎక్కాల్సింది ఒకటే రైలు. ఇంతకంటే మంచి సన్నివేశం నీకు కోట లోపల దొరకదు.

మళ్ళీ ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళేటప్పుడు పనికొచ్చే మాటలు కొన్ని. పెద్ద కట్టడం గుమ్మానికి ఆనుకుని ఉన్న హోటల్‌కి ఒక్కసారి వచ్చిపోయేవాళ్ళే ఎక్కువ, మళ్ళీ రప్పించుకోవాలన్న తపన ఆ హోటల్‌వాళ్ళకి తక్కువ. పది నిమిషాలు దూరం జరిగితే ఆ వీధివాళ్ళు తినే చోటు దొరుకుతుంది. అద్దం మీద శుభ్రత రేటింగ్ స్టిక్కర్ చూడు, సున్నా నుంచి 5 దాకా అంకె ఉంటుంది. ఇంగ్లండ్‌లో దాన్ని అతికించాలన్న నిర్బంధం లేదు, కాబట్టి కనబడకపోతే ఫోన్లో వెతుక్కో. అప్పడాలు ఊరికే పెట్టారా, బిల్లులో వేస్తారా అని ముందే అడిగేయి. మద్యం లైసెన్సు ఉన్న చోట కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలి, మొహమాటపడి సీసా కొనక్కర్లేదు. అమ్మలాంటి వాళ్ళు ఉంటే పప్పు, నిరామిష్ అనే కలగూర అడుగు. గుజ్జులో మాంసం ఉడికించిన నీళ్ళు పోశారా అని కూడా అడుగు. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు, నేను ఎన్నోసార్లు అడిగాను.

ఇక రాత సంగతి. "భోజనం చాలా రుచిగా ఉంది" అని రాయకు, ఆ మాటకి వాసన లేదు. గిన్నెలో ఏముందో చూసి రాయి, పక్క టేబుల్ వాళ్ళు ఏం తింటున్నారో రాయి, అన్నం ఎలా కలుపుకున్నారో రాయి. వెయిటర్ మాట్లాడింది ఏ భాషో తెలియకపోతే అడుగు. బ్రిక్ లేన్ మీద ఒక మసీదు ఉంది, చూసే ఉంటావు. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు 1743లో చర్చిగా కట్టుకున్నారు, 1898లో యూదుల ప్రార్థనాలయం అయింది, 1976 నుంచి మసీదు. పైన గోడకి ఉన్న ఎండగడియారం మీద 'మనం నీడలం' అని లాటిన్‌లో చెక్కి ఉంటుంది. ఈ ఒక్క గోడ చూపిస్తే ఆ వీధికి ఎవరెవరు వచ్చి వెళ్ళారో పాఠకుడికి తెలుస్తుంది. కోట గురించి రాసిన దాంట్లోంచి రెండు పేజీలు తీసేసినా నష్టం లేదు, వీధికి ఒక పేజీ ఇవ్వు.

కోహినూర్ పేరాలో ఒక సవరణ. "ఇంగ్లీషువాళ్ళు మన గోల్కొండ నుంచి ఎత్తుకుపోయారు" అని రాశావు. బాధ నిజమే, వాక్యం సరికాదు. అది కొల్లూరులో దొరికిందని చెప్పుకుంటారే కానీ రాతపూర్వకమైన రుజువు లేదు. 1739లో ఇరాన్ రాజు నాదిర్ షా ఢిల్లీ నుంచి పట్టుకుపోయాడు, అఫ్గాన్ల చేతుల్లోంచి 1813లో పంజాబ్ రాజు రంజిత్ సింగ్‌కి వచ్చింది, 1849లో ఆయన కొడుకు, పదేళ్ళ పిల్లవాడు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. ఇప్పటి లెక్కలో 191 క్యారట్ల రాయిని 1852లో సానబెట్టి 105.6కి తగ్గించారు. పిల్లవాడి చేత సంతకం పెట్టించుకోవడం అన్న ఒక్క వివరం నీ కోపం మొత్తాన్ని మోస్తుంది. "ఎత్తుకుపోయారు" అనే మాట నీకు అక్కర్లేదు.

కావాలంటే ఇంకొకటి చేర్చు. టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు 17వ శతాబ్దంలో కొల్లూరు వచ్చి, ఆ గనిలో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా మనకి తెలియదు. ఓడల్లో బొగ్గు వేసిన సిల్హెట్ వాళ్ళదీ దాదాపు అదే కథ. మీరు చూసిన కిరీటానికీ, తర్వాత కూర్చున్న టేబుల్‌కీ మధ్య ఉన్న దారి నాకు ఇక్కడే కనబడుతోంది. నీకు ఇంకోలా కనబడితే అలాగే రాయి, నా దారి నీ మీద రుద్దను.

వచ్చే నెల మొదటి వారంలోపు రెండో చిత్తుప్రతి పంపు. మీరు చివరికి ఏ స్టాపులో దిగారో, నాన్నగారు ఆరోజు ఏం తిన్నారో అందులో ఉండాలి. ఫోన్లో కూడా అది చెప్పడం మర్చిపోయావు. గుర్తులేకపోతే ఆయన్నే అడుగు. అమ్మని, నాన్నగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు