మెటర్నిటీలో కౌన్సెలర్‌గా చేరబోతున్న మా పాపకు

చిరంజీవి పాపకు,
పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నువ్వు బ్యాంకు కోచింగ్ మానేసి తిరుపతి మెటర్నిటీలో హెచ్ఐవీ కౌన్సెలర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. "ఆ జబ్బు వాళ్ల మధ్య కూర్చునే పని దీనికెందుకక్కా, రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి, నువ్వన్నా చెప్పు" అని ఒకటే ఏడుపు. నేను నిన్ను మానుకోమని చెప్పను. రాత్రంతా నిద్ర పట్టని మాట నిజమే, కానీ అందులో సగం సంతోషమే. నర్సు ఉద్యోగంలో తలపండిన దాన్ని కాబట్టి, మిగతా సగం టెన్షన్ ఎందుకో రాస్తాను, ఓపిగ్గా చదువు.

పని వాళ్లు నేర్పిస్తారు. గర్భిణి మొదటిసారి రాగానే హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించాలి. పాజిటివ్ అని తేలితే ఆ రోజే రుయా ఆసుపత్రిలోని ఏఆర్‌టీ సెంటర్‌కు, అంటే హెచ్ఐవీ మందులిచ్చే చోటికి పంపాలి. మందు వెంటనే మొదలుపెట్టి ఒక్క రోజు కూడా ఆపకూడదు. బిడ్డకు పుట్టగానే సిరప్ పొయ్యాలి, ఆరు వారాలకు రక్తపరీక్ష, పద్దెనిమిది నెలలకు చివరి పరీక్ష చేయించాలి. ఇవన్నీ ట్రైనింగ్‌లోనే వస్తాయి. మందులేవీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం వందకు 15 నుంచి 45 దాకా ఉంటుంది. సరిగ్గా మందులు పడితే అది 5 కంటే తక్కువకు దిగుతుంది. ఈ ఒక్క లెక్క మాత్రం వచ్చిన ప్రతి తల్లికీ చెప్పు. అది విన్నాకే ఆమె కూర్చుని నీ మిగతా మాటలు వింటుంది.

ట్రైనింగ్‌లో అంతగా చెప్పనిది ఒకటుంది. నీ ముందుకొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి మొగుడు తప్ప వేరే మగవాడు తెలియదు. కాబట్టి "ఈమె ఎట్లాంటిదో" అనే చూపు నీ కళ్లలో ఒక్క క్షణం కూడా రాకూడదు. ఆమె ఏం చేసిందని కాదు నువ్వు వెతకాల్సింది, ఆమె ఇంట్లో ఏం జరుగుతోందని. మొగుడు చెన్నై, బెంగళూరు రోడ్డు మీద లారీ తోలుతున్నాడా, కుప్పం వైపు నుంచి బేల్దారి పనికి వెళ్లి పండక్కి మాత్రం ఇంటికొస్తున్నాడా, తాగి కొడతాడా అన్నవి అడుగు. లారీ డ్రైవర్లందరూ అంతేనని మాత్రం అనుకోకు, అది కూడా పాపమే. నెలల తరబడి ఇల్లు వదిలి ఉండే బతుకు, చేతిలో డబ్బు, మందు, పక్కన అడిగేవాళ్లు లేకపోవడం, ఇవన్నీ కలిసినప్పుడే ప్రమాదం.

వయసు తప్పకుండా అడుగు. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. పదిహేడేళ్ల పిల్ల, తనకంటే పదేళ్లు పెద్దవాడైన మొగుణ్ణి నిరోధ్ వాడమని ఎట్లా అడుగుతుంది? అడిగితే "నామీద అనుమానమా, లేక నీకే ఎవరైనా ఉన్నారా" అంటాడు. ఇక మేనరికమైతే ఎవరికీ అనుమానమే రాదు. సొంత మేనమామ కదా, చిన్నప్పటి నుంచి చూసిన మనిషి కదా అనుకుంటారు. ఏడాది తిరక్కముందే ఇంకా నెల తప్పలేదా అని అత్త నిలదీస్తుంటుంది. నెల తప్పాక ఇక నిరోధ్ ఎందుకంటారు. నాకు అన్నిటికంటే భయం వేసేది ఆ మాటకే. మూడో నెలలో నెగటివ్ వచ్చిందని ఫైల్ మూసేస్తే, ఆ తర్వాత కడుపుతో ఉన్నప్పుడో పాలిచ్చేటప్పుడో సోకితే పట్టుకునేవాళ్లుండరు. కొత్తగా సోకినప్పుడు రక్తంలో వైరస్ చాలా ఎక్కువగా ఉంటుంది, బిడ్డకు ప్రమాదం కూడా ఎక్కువే. ప్రమాదం ఉందనిపించిన వాళ్లకు నెలలు నిండేలోగా మళ్లీ పరీక్ష చేయించు. మొగుణ్ణి కూడా పిలిపించి చేయించు. తెల్లబట్ట, పుండ్లు ఉన్నాయంటే తేలిగ్గా తీసుకోకు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 2004 ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో జరిగింది ఇది. ఐదో నెల కడుపుతో ఉన్న పిల్ల, పంతొమ్మిదేళ్లుంటాయేమో, అత్తతో వచ్చింది. మొగుడు లారీ డ్రైవర్. రిపోర్టు వచ్చాక అక్కడి మనిషి వరండాలోకి వచ్చి "మీ తరఫున పెద్దవాళ్లెవరమ్మా" అని అడిగాడు. అత్త లేచి నిలబడింది. అందరి ముందూ ఆమెకే చెప్పేశాడు, పైన ఎర్ర ఇంకుతో రాసిన ఫైల్ కూడా ఆమె చేతికే ఇచ్చాడు. నేను టీకాల గదిలో ఉన్నాను. అరుపు విని బయటికొచ్చేసరికి అత్త వెళ్లిపోయింది. ఆ పిల్ల బెంచీ మీదే ఉంది, తనకేం జబ్బో తనకింకా తెలియదు.

పుట్టింటికి పంపేశారు. కొన్నాళ్లకు నేను చూడటానికి వెళ్లాను. గొడ్ల కొట్టంలో ఒక మూల చాప వేసిచ్చారు. గోడకున్న మేకుకు ఒక సత్తు గ్లాసు తాడుతో కట్టి వేలాడుతోంది, అది ఆమెది. కుళాయి దగ్గరికి రానివ్వరు, తమ్ముడి పెళ్లాం నీళ్లు పైనుంచి పోస్తుంది. ఆసుపత్రికి రమ్మని బతిమాలాను. "మళ్లీ వరండాలో పిలుస్తారు కదక్కా" అంది. రాలేదు. కాన్పు ఇంట్లోనే అయింది, బిడ్డకు మందు చుక్క కూడా పడలేదు. మొగుడికి టీబీ ముదిరాక పరీక్ష చేస్తే అతనికీ పాజిటివ్ వచ్చింది. అతను పోయిన రోజు అత్త శవం మీద పడి "నా కొడుకును మింగేసింది" అని ఈ పిల్లనే తిట్టింది. ఊరంతా తలూపింది. జబ్బు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో అడిగినవాళ్లు లేరు, ముందు తెలిసింది ఈమెకని ఈమెదే తప్పయింది.

అందుకే పాపా, రిపోర్టు ముందు ఆమెకే చెప్పాలి, ఒంటరిగా చెప్పాలి. అత్త ఎంత మంచిదైనా, ఎంత ఏడ్చినా, "నేను తల్లిలాంటిదాన్ని" అన్నా బయటే కూర్చోబెట్టు. ఇప్పుడు నీ వెనక చట్టం ఉంది. 2017లో వచ్చిన హెచ్ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆమె ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, ఆమె విషయం బయటపెట్టకూడదు. మొగుడికి చెప్పే విషయంలో కూడా, చెబితే కొడతాడు, వదిలేస్తాడు అనే భయం నిజంగా ఉన్నప్పుడు మనంతట మనం చెప్పకూడదని చట్టంలోనే ఉంది. ఆమెకు ధైర్యం చెప్పి, ఆమె చేతే, నీ ఎదుటే చెప్పించడం మంచిది. తొందరపెట్టకు.

ఇంకో మాట. నీ గొంతు పెద్దది. చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను, మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుందని. ఆ గదిలో మెల్లగా మాట్లాడు, తలుపు వేసుకో. ఆమె పేరు, ఆ జబ్బు పేరు ఒకే వాక్యంలో పైకి అనకు. ఆమె ఏడిస్తే ఏడవనివ్వు. నీకూ ఏడుపొస్తుంది, నువ్వు అట్లాంటిదానివే, నాకు తెలుసు. దానికి సిగ్గుపడకు తల్లీ.

మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లే పిల్లలను మాత్రం మర్చిపోకు. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకెళ్తారు, అక్కడితో మందులు ఆగిపోతాయి. పుట్టిల్లు ఏ ఊరో, అక్కడికి దగ్గర్లో ఏ సెంటర్‌లో మందులిస్తారో ముందే రాసి పెట్టుకో. ఆమెకు సొంత ఫోన్ లేకపోతే, ఏ టైంలో ఎవరి ఫోన్‌కు చేస్తే ఇబ్బంది ఉండదో ఆమెనే అడుగు. ఫోన్ ఎత్తింది వేరేవాళ్లయితే ఆసుపత్రి నుంచి అని చెప్పకు. హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097 నంబరు ఆమె చేత బట్టీ పట్టించు, కాగితం మీద రాసివ్వకు.

మీ అమ్మ సంగతి నాకు వదిలెయ్. కలిసి తిన్నా, ముట్టుకున్నా రాదని ఆమెకు నేను చెబుతాను. సంబంధాల గొడవ కూడా నేనే చూసుకుంటాను. చేరే తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, ముందు ఆదివారం చిత్తూరు వచ్చి ఒక పూట ఉండి వెళ్లు.

ఇట్లు,
మీ పెద్దమ్మ