సంతకం కంటే ముందు మీ అమ్మ వేళ్ల సంగతి అడుగు

ఒరే అబ్బీ,

నువ్వు పంపిన ఆస్పత్రి సమ్మతి పత్రం ఫొటోలు చూశాను. ఇరవై రెండు పేజీల్లో సగం మసకగా ఉన్నాయి, అయినా కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివాను. అమ్మను కొత్త క్యాన్సర్ మందు పరీక్షించే ట్రయల్‌లో చేర్చమంటావా వద్దంటావా అత్తా అని అడిగావు. అది నేను చెప్పేది కాదు, నువ్వు చెప్పేదీ కాదు, మీ అమ్మ చెప్పాలి. కానీ సైడ్ ఎఫెక్టుల పట్టీలో నువ్వు భయపడాల్సిన చోట భయపడలేదు, అందుకే ఈ ఉత్తరం.

జుట్టు ఊడుతుంది అన్నచోట ఎర్ర పెన్నుతో గీత గీశావు. తిరుపతిలో పుట్టి గుండుకు భయపడతావేంరా! నేనైతే దాని కింద మూడో లైను దగ్గర గీస్తా. 'చేతులు, కాళ్లలో తిమ్మిరి' అని ఉంది చూడు. మీ అమ్మ పూలు కట్టి మిమ్మల్నిద్దరినీ చదివించింది. వేళ్లకు స్పర్శ పోతే మల్లెమొగ్గ నలిగిందో లేదో, ముడి బిగిసిందో లేదో ఆమెకెట్లా తెలుస్తుంది?

నా సంగతే చెప్తా. నేను చేరిన ట్రయల్‌లో కీమో మందు పాక్లిటాక్సెల్‌తో పాటు కొత్త మందు ఒకటి ఇచ్చారు. రెండో నెలకు సూదిలో దారం ఎక్కలేదు, కంటిచూపు తగ్గిందనుకున్నా. ఒకరోజు జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే పసుపు బట్ట మీద ఎర్రగా మరక కనబడింది. సూది ఎప్పుడు దిగిందో తెలియనే లేదు. అప్పుడైనా చెప్పానా? చెప్తే ట్రయల్‌లోంచి తీసేస్తారేమోనని ఇంకో రెండు విడతలు నోరు మూసుకున్నా. ముందే చెప్పుంటే డోసు తగ్గించడమో కొన్నాళ్లు ఆపడమో చేసేవాళ్లని తర్వాత డాక్టరమ్మ తిట్టింది. ఇప్పటికీ కుడిచేతి రెండు వేళ్లు మొద్దుగానే ఉన్నాయి, హుక్కులు పక్కింటి పిల్ల చేత కుట్టిస్తున్నా.

ఆ కాగితాల్లో సైడ్ ఎఫెక్టు తీవ్రతకు గ్రేడ్ 1, గ్రేడ్ 2 అని రాసిందాన్ని నువ్వు వదిలేసినట్టున్నావు, అసలు విషయం అక్కడే ఉంది. తిమ్మిరిలో గ్రేడ్ 2 అంటే వంట, బజారు పనికి అడ్డం వచ్చేంత. గ్రేడ్ 3 అంటే తనంతట తాను స్నానం చేసి చీర కట్టుకోలేనంత. 4 అయితే ప్రాణం మీదకు వచ్చినట్టు. కాబట్టి 'తిమ్మిరి వస్తుందా' అని అడగొద్దు, వస్తుందనే అంటారు. నూరు మందిలో ఎందరికి మూడో గ్రేడు దాకా పోయింది, మందు ఆపాక ఎందరికి తగ్గింది, ఎందరు తట్టుకోలేక మానేశారు, ఇవి అడుగు. ట్రయల్ మొదటి దశ, అంటే ఫేజ్ 1 అయితే ఈ లెక్కలు వాళ్ల దగ్గరా సరిగా ఉండవు, ఎంత డోసు తట్టుకోగలరో చూడటానికే అది పెడతారు. ఫేజ్ 3 అయితే కొత్త మందును మామూలుగా ఇచ్చే వైద్యంతో పోల్చి చూస్తారు, మీ అమ్మకు ఏది వస్తుందనేది లాటరీ లాంటిదే, డాక్టరు చేతిలో కూడా ఉండదు.

ఇంకోటి, చేరకపోతే ఏ మందు ఇస్తారో, దానికి ఏమేం వస్తాయో కూడా రాయించుకో. చేరకుంటే ఏ బాధా ఉండదన్నట్టు మాట్లాడుతున్నావు నువ్వు. అది తప్పు లెక్క.

రాత్రి జ్వరం సంగతి. కీమోతో తెల్లకణాలు పడిపోయినప్పుడు 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకునే జ్వరం కాదది, వెంటనే ఆస్పత్రికి పోవాలి. ట్రయల్ పెద్ద ఊళ్లో, మీరుండేది చిత్తూరు అవతల పల్లెలో. అర్ధరాత్రి ఎవరి ఆటో, దగ్గర్లో ఏ క్యాజువాలిటీ, అక్కడి డాక్టరు ఎవరికి ఫోన్ చేయాలి? ట్రయల్ వాళ్ల ఇరవై నాలుగు గంటల నంబరు కార్డు మీద రాయించి అమ్మ పర్సులో పెట్టు. ఆకు పసరు తాగుతోందని నాకు తెలుసులే, అది కూడా దాచకుండా చెప్పండి, కొన్ని మందులకు పడవు.

హక్కుల గురించి ఎక్కువ రాయను. కొత్త మందుల ట్రయల్స్‌కు ప్రభుత్వం పెట్టిన 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల ఒంటికి నష్టం జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, పరిహారం కూడా ఉంది. సంతకం పెట్టిన కాగితం కాపీ మీకివ్వాలి. మధ్యలో ఏ కారణం చెప్పకుండా మానేయొచ్చు, అందుకని మామూలు వైద్యం ఆపడానికి లేదు. ట్రయల్‌లో చేరినవాళ్ల క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ నంబరు ఆ కాగితంలోనే ఉంటుంది, వెతుకు. దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఈ ట్రయల్ నమోదైందో లేదో కూడా చూడు, దానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నా. ఆ ఇరవై రెండు పేజీలూ సరిగ్గా జిరాక్సు తీసిపెట్టు. అమ్మకు నేను చదివి వినిపిస్తా, నువ్వు చదివితే భయపెట్టేవి మింగేస్తావు. ఆమె పూలు కట్టుకుంటూ వింటుందిలే.

మీ అత్త