వాహన సలహాలు: రేకు మందం, నక్షత్రాలు, మైలేజీ

ప్రశ్న: మాది అంబాజీపేట, కొబ్బరి వ్యాపారం. ఇంట్లో అమ్మ, నేను, నా భార్య, పదేళ్ల అబ్బాయి, ఆరేళ్ల అమ్మాయి. నెలకు మూడు నాలుగు సార్లు రాజమండ్రి, రెండు సార్లు కాకినాడ వెళ్లిరావాలి. మిగిలినదంతా ఊళ్ల మధ్య తిరుగుడే. ఏడాదికి 12,000 కిలోమీటర్లు దాటదు. పది లక్షల లోపు పెట్రోలు కారు కోసం రెండు బండ్లు చూశాను. మొదటిది లీటరుకు 24 కిలోమీటర్లు ఇస్తుందట గానీ క్రాష్ టెస్టులో రెండే నక్షత్రాలు. రెండోదానికి ఐదు నక్షత్రాలు, మైలేజీ 18, ధర కూడా 50,000 ఎక్కువ. మా బావగారేమో రెండింటి రేకూ పల్చనిదే, వేలితో నొక్కితే లోపలికి పోతోంది, పాత అంబాసిడర్ లాంటి గట్టి బండి ఇప్పుడు రాదు అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: ముందు మీ బావగారి మాట తీసుకుంటాను, ఎందుకంటే మన ప్రాంతంలో షోరూముకు వెళ్లిన ప్రతి పెద్దమనిషీ చేసే మొదటి పరీక్ష అదే. వేలికి తగిలే ఆ రేకు బండికి చొక్కా వంటిది; బరువు మోసేది, దెబ్బ కాసేది అది కాదు. లోపల కనిపించకుండా ఉన్న స్తంభాలు, తలుపుల కింద సాగే దూలాలు, ముందు భాగంలో ఇంజనుకు అటూ ఇటూ ఉండే రెండు పొడవాటి పట్టీలు, ఇవి ఏ రకం ఉక్కుతో చేశారు, ఎలా అతికారు అన్నదే ప్రాణం కాపాడే విషయం. కొబ్బరి వ్యాపారం చేసేవారికి ఇది నేను వివరించనక్కరలేదు. చెట్టు మీద నుంచి పీచుతో పడ్డ కాయ నలుగుతుందే గాని పగలదు; అదే కాయను ఒలిచి అంత ఎత్తు నుంచి వేస్తే చిప్ప నిలవదు. కారు ముందు భాగం పీచు, మనుషులు కూర్చునే గది చిప్ప. పీచు నలగాలి, చిప్ప నలగకూడదు. మెర్సిడెస్‌లో పనిచేసిన బేలా బారెన్యీ అనే ఇంజనీరు ఈ ఆలోచనతో రూపొందించిన కారు 1959లో రోడ్డెక్కింది. వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ మూడు చోట్ల పట్టుండే సీటు బెల్టు తెచ్చిందీ ఆ సంవత్సరమే. అంబాసిడర్ అంతకు ముందటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా. ముందు భాగం నలగని బండిలో దెబ్బ తాలూకు కుదుపంతా లోపలివారి ఒంటికే చేరుతుంది. ప్రమాదం తరువాత బండికి పెద్దగా సొట్ట పడలేదని మెచ్చుకునేవారు లోపల కూర్చున్నవారికి ఏమైందో కూడా అడగాలి.

ఇక నక్షత్రాల సంగతి. కార్లను గుద్ది చూసి నక్షత్రాలిచ్చే మన ప్రభుత్వ పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమలులో ఉంది. కంపెనీ తనంతట తాను ముందుకు వస్తేనే పరీక్ష జరుగుతుంది. బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో, ముందు భాగంలో కొంత మేరకే తగిలేలా నలిగే అడ్డుగోడకు కొడతారు. పక్క నుంచి 50 కిలోమీటర్ల వేగంతో మరో బండిలాంటి దానితో గుద్దిస్తారు. పక్కవాటుగా స్తంభానికి 29 కిలోమీటర్ల వేగంతో తగిలిస్తారు. పెద్దల రక్షణకు 32 మార్కులు, పిల్లల రక్షణకు 49. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు గనుక ఆ 49లో ఎన్ని వచ్చాయో విడిగా చూడండి. చాలామంది పెద్దల నక్షత్రాలు చూసి అక్కడితో ఆగిపోతారు. ఇలాంటి పరీక్షలే చేసే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ నివేదికైతే బాడీ స్థిరంగా ఉందా, అస్థిరంగా ఉందా అన్న మాట వెతకండి. నన్నడిగితే నక్షత్రాల కంటే ముందు చదవవలసినది అదే. పరీక్ష జరిగిన సంవత్సరం కూడా చూడాలి, ఎందుకంటే ఆ సంస్థ 2022 జులైలో నిబంధనలు కఠినం చేసింది, కాబట్టి 2018లో వచ్చిన ఐదూ ఆ తరువాత వచ్చిన ఐదూ ఒకటి కావు. ముందు నుంచి చేసే పరీక్ష సుమారు సమానమైన బరువున్న బండి ఎదురుగా తగిలినట్టు లెక్క. అందుచేత చిన్న కారుకు వచ్చిన ఐదు నక్షత్రాలను బియ్యం లారీ ముందు పెట్టి చూడకూడదు. వేగం పెరిగితే దెబ్బ వేగానికి వర్గంగా పెరుగుతుంది. పరీక్ష జరిగిన 64 బదులు రావులపాలెం దాటాక పదహారో నంబరు జాతీయ రహదారి మీద 100లో వెళుతుంటే మోసుకుపోతున్న శక్తి దాదాపు రెండున్నర రెట్లు.

మైలేజీకి కాగితం, పెన్సిలు తీసుకోండి. 12,000 కిలోమీటర్లకు మొదటి బండి 500 లీటర్లు, రెండోది 667 లీటర్లు తాగుతుంది. రోడ్డు మీద 24 అన్నది 19కి, 18 అన్నది 15కి దిగినా తేడా దాదాపు 168 లీటర్లే. లీటరు 110 రూపాయలనుకుంటే ఏడాదికి సుమారు 18,500, నెలకు సుమారు 1,550 రూపాయలు. ఎనిమిదేళ్లు వాడి, పైన 50,000 కలిపితే రెండు లక్షలకు చేరుతుంది. ఇది చిన్న మొత్తమని నేను అనను. కొబ్బరి ధర పడిపోయిన ఏడాది అది ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అయినా మీ ఇద్దరు పిల్లలూ, అమ్మగారూ వెనక సీట్లో కూర్చునే బండి గనుక ఈ రెండింటిలో నేను రెండోదే తీసుకోమంటాను. మైలేజీలో పోయినదాన్ని టైరు గాలితో, నిదానమైన తోలకంతో కొంత వెనక్కి రాబట్టుకోవచ్చు; బాడీలో లేని బలాన్ని కొన్న తరువాత ఏ మెకానిక్కూ పెట్టలేడు.

అయితే ఈ రెండింటితోనే ఆగకండి. భద్రత కావాలంటే మైలేజీ వదులుకోవాలన్న మాటకు ఇప్పుడు మునుపటి బలం లేదు. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశపు చిన్న కార్లు ఐదింటిని గుద్ది చూస్తే ఐదింటికీ సున్నాలే వచ్చాయి. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ మొదటిసారి ఐదు తెచ్చుకుంది. 2024 నవంబరులో మారుతి డిజైర్ కొత్త నమూనాకు పెద్దల రక్షణలో ఐదు వచ్చాయి. కంపెనీ చెప్పే మైలేజీ చూస్తే అది 25కు దగ్గర. బరువు పెంచకుండానే బలం పెంచే ఉక్కు రకాలు వచ్చాయి, వాటిని సరైన చోట వాడిన కంపెనీ రెండూ ఇవ్వగలుగుతోంది. మీ బడ్జెట్‌లో అటువంటి మూడో బండి ఉందేమో చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పాలి. మీరు ఐదుగురు, కాబట్టి వెనక మధ్య సీటు మీకు ప్రతి ప్రయాణంలోనూ అవసరం. అక్కడ మూడు చోట్ల పట్టుండే బెల్టు ఉందో, నడుముకు మాత్రమే చుట్టుకునేది ఉందో, తలకు ఆనుడు ఉందో లేదో చూడండి. షోరూములో ముగ్గురూ వెనక కూర్చుని బెల్టులు పెట్టుకుని చూడవలసిందే. మూడో బెల్టు కొక్కెం సీటు మడతలో ఇరుక్కుపోయి చేతికి రాని బండ్లు నేను చూశాను. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర ఖరీదైన కారులోనే, వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చుని మరణించారు. వెనక బెల్టు పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా అన్నది చట్టంలో ఉంది, కానీ మన దారుల్లో అడిగేవారు తక్కువ గనుక ఆ పని ఇంటి పెద్దగా మీరే చేయాలి. ఆరేళ్ల పాపకు బెల్టు మెడ మీదుగా రాకుండా ఎత్తు పెంచే బూస్టరు సీటు కొనండి. ముందు సీట్లో, ఒళ్లో మాత్రం కూర్చోబెట్టకండి.

తయారీ నాణ్యత వేరే సంగతి. నక్షత్రాలు దాన్ని కొలవవు. మంచి మార్కులు వచ్చిన బండే నేనూ ఒకటి వాడాను. కొన్న ఏడాదే, వానాకాలంలో, చక్రం సగం మునిగే నీటిలో ఒక చప్టా దాటాను. నాలుగు రోజులకు లోపల బురద వాసన వచ్చింది. డ్రైవరు సీటు కింద కార్పెట్ ఎత్తి చూస్తే వేళ్లకు నీరు తగిలింది. నేల రేకులో బొటనవేలంత రంధ్రం, దానికి ఉండవలసిన రబ్బరు బిరడా అసలు వేయనే లేదు. సీటు పట్టాల బోల్టుల చుట్టూ అప్పటికే ఎర్రటి పొడి. కొన్ని రూపాయల బిరడా అది. ఆనాటి నుంచి ఎవరికి బండి చూసిపెట్టినా కార్పెట్ మూలలు ఎత్తి చూడకుండా వదలను. తలుపులకూ బాడీకీ మధ్య సందు పై నుంచి కింద వరకు ఒకేలా ఉందా, రబ్బరు బీడింగు ఎక్కడైనా ఊడి ఉందా, అద్దం పూర్తిగా దించి ఎక్కిస్తే గీసుకుంటున్న చప్పుడు వస్తోందా చూడండి. తలుపు వేస్తే డబ్ మని బరువైన మోత రావడం మంచి రబ్బరుకూ, లోపల అతికించిన మెత్తటి పట్టీకీ గుర్తే గాని ఉక్కు బలానికి గుర్తు కాదు. కొన్న తరువాత ఏడాదికొకసారి కంపెనీ వెబ్‌సైటులో మీ ఛాసిస్ నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూసుకోండి. లోపమున్న బండ్లను వెనక్కి పిలిపించమని కంపెనీని ఆదేశించే అధికారాన్ని 2019 చట్ట సవరణ కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది.

ప్రశ్న: మాకు ఆకివీడు దగ్గర చేపల చెరువులున్నాయి. రోజూ తెల్లవారుజామున మంచులో కాలువ గట్టు మీదుగా కారులో వెళతాను. బండి కాలువలో పడితే తలుపులు లాక్ అయిపోతాయని అంటారు. ఏ కారైతే మంచిది?

జవాబు: ఈ అపాయానికి నక్షత్రాలిచ్చే పరీక్ష లేదు, అందుకే మీ ఉత్తరం నాకు ముఖ్యమనిపించింది. తలుపు తెరుచుకోకపోవడానికి చాలాసార్లు కారణం లాక్ కాదు, నీటి ఒత్తిడి. మీటరు వెడల్పున్న తలుపుకు బయట 60 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది దాదాపు 180 కిలోల బరువంత బలంతో లోపలికి నెడుతుంది. ఎంత బలవంతుడైనా తోయలేడు. బండి పడగానే మునగదు, కొద్దిసేపు తేలుతుంది, ఆ తరువాత ఇంజను బరువుకు ముందు భాగం కిందికి వంగుతుంది. ఆ కొద్దిసేపే మీ చేతిలో ఉన్న సమయం. ఫోను కోసం వెతకకండి, తలుపుతో పెనుగులాడకండి. బెల్టు విప్పాలి, కరెంటు అద్దాలు ఇంకా పనిచేస్తుండగానే వెంటనే దించాలి, పిల్లలుంటే వారిని ముందు కిటికీలోంచి తోసి, వెనకే మీరు రావాలి.

అద్దం దిగకపోతే పక్క అద్దాన్ని మూల దగ్గర కొసదేలిన సుత్తితో కొట్టాలి. ముందు అద్దం రెండు పొరల మధ్య పలుచని పొర అతికించి చేసినది, పగిలినా ఊడిరాదు. కొన్ని కొత్త బండ్లలో పక్క అద్దాలు కూడా అలాంటివే వస్తున్నాయి. అద్దం మూలనున్న ముద్రలో లామినేటెడ్ (ఇలా పొర అతికించినది) అని ఉందో, టెంపర్డ్ (కొడితే చిన్న ముక్కలై రాలిపోయేది) అని ఉందో కొనేముందే చదవండి. మీ అవసరానికి టెంపర్డ్ పక్క అద్దాలున్న బండి మేలని నా అభిప్రాయం. సుత్తి, బెల్టు కోసే కత్తి కలిసి ఉన్న పరికరం ఒకటి కొని డిక్కీలో కాకుండా స్టీరింగు పక్కన, బెల్టు పెట్టుకుని కూడా చేతికందే చోట బిగించండి.

పడకుండా ఉండడానికి బండిలో చూడవలసింది ఈఎస్‌సీ. బండి అదుపు తప్పి జారుతున్నప్పుడు ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి దారిలోకి తెచ్చే ఏర్పాటు ఇది. కోతల కాలంలో తారు మీద ఆరబోసిన ధాన్యమూ, పరిచిన గడ్డీ టైరు కిందకు వచ్చినప్పుడు, తవుడు బస్తా జారి చెల్లాచెదురైనప్పుడు దీని అవసరం తెలుస్తుంది. ఎయిర్‌బ్యాగుల సంఖ్య తగ్గించుకున్నా ఈఎస్‌సీ లేని మోడల్ మీరు తీసుకోకండి. మంచులో హై బీమ్ వేస్తే వెలుతురు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది గనుక డిమ్ లైటుతో, ఎదర కనిపించే దూరంలో ఆగగలిగినంత వేగంతోనే వెళ్లండి.

ప్రశ్న: పాలకొల్లు నుంచి రాస్తున్నాను. కంపెనీ 22 అని చెప్పిన పెట్రోలు బండి నాకు 16 మించి ఇవ్వడం లేదు. ఇది మోసం కాదా? పెట్రోలులో ఇథనాల్ కలపడం వల్లనా?

జవాబు: కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి, నిర్ణీత పద్ధతిలో తోలి తీసినది, అందులో వేగం 90 దాటదు. రెండు బండ్లను పోల్చుకోవడానికి అది పనికివస్తుంది, మీ పెట్రోలు ఖర్చు లెక్కకు పనికిరాదు. ఇథనాల్ లీటరులో పెట్రోలు కంటే శక్తి సుమారు మూడో వంతు తక్కువ. 20 శాతం కలిస్తే లెక్క ప్రకారం ఆరేడు శాతం తగ్గాలి, దానికి తగ్గట్టు తయారైన ఇంజను కొంత పూడ్చుకుంటుంది. కనుక మీ ఆరు కిలోమీటర్ల తేడాలో ఇథనాల్ వాటా ఒకటి, ఒకటిన్నర మాత్రమే. మిగిలినది ఏసీ, ఇంజను వేడెక్కక ముందే ముగిసిపోయే చిన్న ప్రయాణాలు, టైర్లలో గాలి. మీటరు చూపే సగటును నమ్మకుండా, ఒకే బంకులో పంపు దానంతటది ఆగే వరకు కొట్టించి, మళ్లీ అలాగే నింపేవరకు తిరిగిన దూరాన్ని పోసిన లీటర్లతో భాగించండి. మూడుసార్లు చేశాక వచ్చిన సగటే మీ మైలేజీ.

మైలేజీ ఒత్తిడి కంపెనీల మీద కూడా ఉంది. అమ్మిన కార్లన్నింటి సగటు కార్బన్ ఉద్గారాలకు 2017-18 నుంచి కిలోమీటరుకు 130 గ్రాములు, 2022-23 నుంచి 113 గ్రాములు ప్రభుత్వం పెట్టిన హద్దు. అందుకోసం బరువు తగ్గిస్తారు, అది తప్పు కాదు. ఎక్కడ తగ్గించారో చూడడమే కొనేవారి పని: స్పేర్ చక్రం చిన్నది పెట్టారా, అసలు తీసేశారా అన్నది డిక్కీ తెరిచి ఇప్పుడే చూసుకోండి.

ప్రశ్న: మాది నరసాపురం. సముద్రపు గాలికి కొత్త బండి తుప్పు పట్టకుండా అండర్ బాడీ కోటింగు చేయించమంటారా?

జవాబు: చేయించవచ్చు, కానీ దగ్గరుండి చేయించండి. తలుపుల కింది అంచున, దూలాల అడుగున నీరు కారిపోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. పనివారు వాటి మీద కూడా పూసేస్తే లోపల నిలిచిన నీటితో అదనంగా తుప్పు పడుతుంది. పేరుపాలెం తీరానికి వెళ్లి వచ్చిన రోజు బండి అడుగు భాగాన్ని మంచినీటితో కడిగించండి, ఆ రంధ్రాల్లో ఇసుక ఉంటే పుల్లతో తీయండి.