రిమోట్ పేచీకి ‘అమృతం’ మందు

రాత్రి భోజనాల వేళ మామగారికి సీరియల్, పదేళ్ల పిల్లలకు కార్టూన్లు కావాలని రోజూ రిమోట్ కోసం పేచీ అన్నారు. మీ ఇంటికి ‘అమృతం’ అనే తెలుగు హాస్య సీరియల్ సరిపోతుందండీ. 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చింది, ఇప్పుడు యూట్యూబులో దొరుకుతుంది. చాలావరకు ఏ వారం కథ ఆ వారానిదే కాబట్టి ఒక రోజు తప్పినా నష్టం లేదు.

అమృతరావు, ఆంజనేయులు (అంజి) హోటలు నడుపుతూ డబ్బు కోసం ఏదో ఉపాయం పన్నుతారు, అది చివరికి వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అసలు రుచంతా వాళ్ల గాంభీర్యంలోనే ఉంది. ఎంత పిచ్చి ఆలోచననైనా దేశ సమస్యలాగా చర్చిస్తారు. అంజిగా గుండు హనుమంతరావు అనుమానంగా ఒక చూపు చూస్తే చాలు, మాటతో పనిలేదు. ఇంటి యజమాని అప్పాజీని చూసి మీ మామగారు తప్పక నవ్వుతారు (ఇల్లు అద్దెకిచ్చిన అనుభవం ఉంటే మరీను!).

ఒక్క విషయం పిల్లలకు ముందే చెప్పండి. అమృతరావు పాత్రలో శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ ముగ్గురూ వేర్వేరు ఎపిసోడ్లలో కనిపిస్తారు, ముందే చెప్పకపోతే తికమకపడతారు. వరుసగా చూడాలన్న పట్టింపు వద్దు. రేపు భోజనాలప్పుడు ఒక్కటి పెట్టి చూడండి, రెండోది వాళ్లే అడుగుతారు.