కోర్టు వేలంలో పోయిన తనఖా ఇల్లు: అభ్యంతరం చెప్పే హక్కు ఎవరిది?

ప్రశ్న: మా నాన్నగారు తన స్వార్జితమైన ఇంటిని ఒక ప్రైవేటు ఋణదాతకు తనఖా పెట్టారు. బాకీ కట్టాలని కోర్టు డిక్రీ (తీర్పు) వచ్చిన తర్వాత ఆయన కాలం చేశారు. ఇరవై రోజుల కిందట తెనాలిలో ఆ ఇల్లు కోర్టు వేలంలో రూ.38 లక్షలకు పోయింది. అమ్మకపు ప్రకటనలో చూపిన బాకీ రూ.21.40 లక్షలు. బయట ఆ ఇంటికి రూ.52 లక్షలు పలుకుతుందంటున్నారు. నేను పెళ్ళయి విశాఖపట్నంలో ఉంటున్నాను. నాకు నోటీసు రాలేదు, తనఖా పత్రంపై నా సంతకమూ లేదు. అమ్మ, తమ్ముడు వదిలేద్దామంటున్నారు. అమ్మకాన్ని సవాలు చేసే హక్కు నాకు ఉందా? బంగారం కుదువ పెట్టి ఆ డబ్బు కట్టడం మంచిదేనా?

జవాబు: హక్కు మీకు ఉంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ అమ్మగారు, తమ్ముడు, మీరు ముగ్గురూ సమాన వారసులు. పెళ్ళి కావడం వల్ల మీ వాటా తగ్గదు. అయితే మీ సంతకం లేదన్న కారణం ఇక్కడ పనికిరాదు. ఇల్లు నాన్నగారి స్వార్జితం కాబట్టి, తనఖా పెట్టడానికి ఆయన సంతకం ఒక్కటే చాలు.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో డిక్రీల అమలు గురించి చెప్పే ఆర్డర్ 21 కింద మీకు ప్రధానంగా రెండు దారులున్నాయి. రూల్ 89 డబ్బు కట్టి అమ్మకాన్ని రద్దు చేయించుకునే దారి. ఆస్తిలో హక్కు ఉన్న ఎవరైనా, లేదా వారి తరఫున మరొకరు, ప్రకటనలో చూపిన బాకీ మొత్తాన్ని డిక్రీదారు (డిక్రీ పొందిన ఋణదాత) కోసం, వేలం ధరలో 5 శాతాన్ని కొనుగోలుదారు కోసం కోర్టులో జమ చేస్తే, వేలంలో తప్పు జరిగిందని నిరూపించాల్సిన అవసరమే ఉండదు. మీరు స్వయంగా రాలేకపోతే మీ భర్త మీ తరఫున దరఖాస్తు పెట్టవచ్చు. రూల్ 90 తప్పు చూపించి రద్దు కోరే దారి. డిక్రీదారు, కొనుగోలుదారు, అమ్మకపు సొమ్ములో దామాషా వాటాకు (బాకీల నిష్పత్తిలో వచ్చే వాటాకు) అర్హుడైన ఇతర డిక్రీదారు, అమ్మకం వల్ల ప్రయోజనం దెబ్బతిన్న ఎవరైనా దీని కింద దరఖాస్తు చేయవచ్చు. కానీ వేలాన్ని ప్రకటించడంలోనో నిర్వహించడంలోనో తీవ్రమైన లోపమో మోసమో జరిగిందని, దానివల్లే గణనీయమైన నష్టం కలిగిందని రెండూ రుజువు కావాలి. ధర తక్కువ పలికిందన్న ఒక్క మాటతో కోర్టు అమ్మకాన్ని కొట్టివేయదు. ఋణగ్రస్తుడికి ఆ ఆస్తిపై అమ్మదగిన హక్కే లేదని తేలితే కొనుగోలుదారు రద్దు కోరడానికి రూల్ 91 ఉంది. దానితో మీకు పని లేదు.

అదే ఇంటిపై రెండో తనఖా ఉన్నవారికి ఆస్తిలో హక్కు ఉన్నట్లే. నాన్నగారితో కేవలం అమ్మకపు అగ్రిమెంటు రాయించుకున్న వ్యక్తికి మాత్రం, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 54 ప్రకారం, ఆ కాగితం ఒక్కటే ఆస్తిలో హక్కును ఇవ్వదు. చేబదులు ఇచ్చినవారు డిక్రీ లేకుండా అమ్మకపు సొమ్ములో దామాషా వాటా కోరలేరు.

నన్ను ఆందోళన పెడుతున్నది గడువు. లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం ఆర్టికల్ 127 ప్రకారం ఈ దరఖాస్తులకు అమ్మకం జరిగిన రోజు నుంచి 60 రోజులే గడువు, మీకు తెలిసిన రోజు నుంచి కాదు. డబ్బు జమకు ఉన్న 30 రోజుల గడువును కూడా 2002 సవరణతో 60 రోజులు చేశారు. ఆలస్యాన్ని మన్నించమని కోరడానికి అదే చట్టంలో ఉన్న సెక్షన్ 5, ఆర్డర్ 21 కింద వేసే దరఖాస్తులకు వర్తించదు. అంటే మీ చేతిలో నలభై రోజులున్నాయి. పైగా రూల్ 90 కింద దరఖాస్తు వేసినవారు దాన్ని ఉపసంహరించుకుంటే తప్ప రూల్ 89 కింద ముందుకు వెళ్ళలేరు. ఖర్చు లేదు కదా అని ముందు తప్పు చూపే దరఖాస్తు వేసి, అది తేలకముందే డబ్బు కట్టే గడువు దాటిపోతే, ఇల్లు నిలబెట్టుకునే దారి దాదాపు మూసుకుపోతుంది. తనఖా డిక్రీలో ఆర్డర్ 34 రూల్ 5 కింద అమ్మకం ఖరారయ్యే లోపు ప్రతివాది డబ్బు కట్టే వీలు వేరే ఉంది. దాన్ని నమ్ముకుని ఈ గడువును వదులుకోవద్దు.

నోటీసు సంగతి న్యాయవాదికి తప్పకుండా చెప్పండి. ఎగ్జిక్యూషన్ పిటిషన్ (డిక్రీని అమలు చేయమని కోరే దరఖాస్తు) వేసేనాటికే నాన్నగారు లేకపోతే, వారసులకు ఆర్డర్ 21 రూల్ 22 కింద నోటీసు ఇవ్వాలి. అమ్మగారికీ తమ్ముడికీ నోటీసు అంది ఉంటే, ఆ ఇద్దరూ మొత్తం ఆస్తికి ప్రాతినిధ్యం వహించారని అవతలి పక్షం వాదిస్తుంది. కాబట్టి ఈ ఒక్క అంశం మీదే ఆధారపడకండి.

ఇక లెక్క. బాకీ రూ.21.40 లక్షలు, 5 శాతం కింద రూ.1.90 లక్షలు, మొత్తం రూ.23.30 లక్షలు. ఇది పూర్తిగా కోర్టులో జమ కావాలి, వాయిదాలు కుదరవు. ప్రకటనలో చేరని వడ్డీ, ఖర్చుల బాధ్యత ఆ తర్వాత కూడా మిగలవచ్చు. అమ్మకాన్ని అలాగే వదిలేస్తే, వేలం సొమ్ములో బాకీ పోగా మిగిలే రూ.16.60 లక్షలు ముగ్గురికీ చెందుతాయి. మీ వంతు దాదాపు రూ.5.53 లక్షలు. ఇల్లు నిజంగా రూ.52 లక్షలకు అమ్ముడైతే, కట్టిన డబ్బు పోగా రూ.28.70 లక్షలు మిగులుతాయి. అంటే కుటుంబానికి అదనంగా వచ్చేది రూ.12.10 లక్షలు. బంగారంపై అప్పుకు ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకుంటే అందులో రూ.2.33 లక్షలు పోతాయి. అదే ఇల్లు రూ.42 లక్షలకే పోతే అదనపు లాభం రూ.2.10 లక్షలు, అది వడ్డీకే చాలదు. అందుకని ఇరుగుపొరుగు చెప్పే ధరను నమ్మకుండా, అదే వీధిలో ఈమధ్య జరిగిన రిజిస్ట్రేషన్ల విలువలు చూసి, ఒక వాల్యూయర్ చేత ఈ వారంలోనే అంచనా వేయించండి. నిజమైన విలువ రూ.48 లక్షలకు తక్కువ తేలితే అప్పు చేయవద్దన్నదే నా సలహా.

కట్టాలని నిర్ణయిస్తే, ముందుగా అమ్మగారితో, తమ్ముడితో రిజిస్టర్డ్ ఒప్పందం చేసుకోండి. ఇల్లు అమ్మిన రోజున మీ రూ.23.30 లక్షలు, దానిపై వడ్డీ ముందుగా మీకు చెల్లించి, మిగిలినది పంచుకోవాలని అందులో స్పష్టంగా ఉండాలి. చట్టంలో మీకు రక్షణ ఉన్నా, కాగితం లేకపోతే దానికోసం సొంత తమ్ముడి మీదే దావా వేయాల్సి రావచ్చు.

ఇదంతా సివిల్ కోర్టు డిక్రీకి సంబంధించినది. సివిల్ కోర్టుకు వెళ్ళకుండానే తనఖా ఆస్తిని అమ్ముకోవడానికి బ్యాంకులకు వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు వేసిన వేలమైతే దారి పూర్తిగా వేరు. 45 రోజుల్లో ఋణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి.

రేపే మీ న్యాయవాది ద్వారా అమ్మకపు ప్రకటన, వేలం రికార్డు, కొనుగోలుదారు జమల వివరాల ధ్రువీకృత నకళ్ళకు దరఖాస్తు చేయించండి. కొనుగోలుదారు వేలం రోజునే 25 శాతం, 15 రోజుల్లో మిగతాది కట్టారా లేదా అన్నది వాటిలోనే తెలుస్తుంది. గడువులో కట్టకపోయి ఉంటే ఆ అమ్మకమే నిలవదు, మీరు అప్పు చేయాల్సిన అవసరమూ ఉండకపోవచ్చు.