ఒక డిస్క్ పోయింది సరే, మిగతా మూడింటి సంగతేంటి?

ఒరేయ్ చిన్నోడా,

నీ స్టూడియోలో పెళ్లి వీడియోలు దాచే సిస్టమ్‌లో ఒక డిస్క్ పడిపోయిందని రాత్రి పదకొండున్నరకి నువ్వు పంపిన స్క్రీన్ ఫొటో పొద్దున్నే లేచాక చూశా. ఎండీస్టాట్‌లో, అదే లైనక్స్ డిస్కుల పరిస్థితి చూపించే చోట, నాలుక్కి మూడు అనుంది, పక్కన యూ యూ గీత యూ అనుంది, ఆ గీత ఉన్న చోట డిస్క్ లేనట్టే లెక్క. ముందు కంగారుపడకు, డేటా ఎక్కడికీ పోలేదు. రెయిడ్ ఫైవ్ అంటే ఏం లేదు, మూడు డబ్బాల్లో 3, 5, 9 ఉన్నాయనుకో, నాలుగో డబ్బాలో మొత్తం 17 అని రాసిపెట్టుకున్నట్టు, ఒక డబ్బా పోయినా మిగతావాటితో లెక్క కట్టి అందులో ఎంతుందో చెప్పొచ్చు (నిజానికి అక్కడ జరిగేది కూడిక కాదు, ఎక్సార్ అనే బిట్ల లెక్క, నీకు ఇది చాల్లే). కానీ రెండో డబ్బా కూడా పోయిందంటే ఇక ఏ లెక్కా కుదరదు. కాబట్టి నువ్వు భయపడాల్సింది పోయినదాని గురించి కాదు, బతికున్న మూడింటి గురించి. ఆ నాలుగూ ఒకే రోజు ఒకే షాపులో ఒకే అట్టపెట్టెలోంచి తీసుకున్నావ్, వద్దురా అని అప్పుడే చెప్పా. ఇన్నేళ్లూ ఒకే క్యాబినెట్‌లో, అదే వేడిలో, అదే కరెంటు కోతల్లో నలిగినవి, ఒకటి ముసలిదైతే మిగతావి కుర్రవిగా ఉంటాయా?

అందుకే రీబిల్డ్ మాట, అంటే కొత్త డిస్క్ పెట్టి పోయినదాన్ని లెక్కగట్టి అందులో రాయించడం, తర్వాత. సిస్టమ్ రీస్టార్ట్ చెయ్యకు, ఒక్కోసారి మళ్లీ లేవడానికి మొండికేస్తుంది. ఎడిటింగ్ ఆపేయమని కుర్రాళ్లకి చెప్పు, వాల్యూమ్‌ని రీడ్ ఓన్లీగా (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) మౌంట్ చేసి, ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్లిళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ పెట్టు. మొత్తం ఒకేసారి కాదు, ముందు ఆల్బమ్ కూడా వెళ్లనివి, తర్వాత వీడియో మిక్సింగ్ సగంలో ఉన్నవి, పాతవి ఆఖర్న. తాళి కట్టే షాట్ మళ్లీ తీస్తానంటే ఏ పెళ్లివారూ ఒప్పుకోరు కదా.

కాపీ నడుస్తుండగా ఆ డిస్క్ ఎందుకు పడిందో చూడు. డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో నాలుగింటికీ రిపోర్ట్ తీయి, పడినదానికి ఒక్కదానికే కాదు, నాలుగింటికీ. పెద్ద లిస్ట్ వస్తుంది, నువ్వు మూడు లైన్లు చూడు చాలు. 5 నంబర్ లైన్ చెడిపోయి పక్కకి మార్చిన సెక్టార్ల (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడుల) లెక్క, 197 చదవలేక పెండింగ్‌లో పెట్టినవి, 199 కేబుల్లో డేటా తప్పు పోయిన లెక్క. 5, 197 సున్నాలుగా ఉండి 199 మాత్రం పెరుగుతూ ఉంటే డిస్క్ మంచిదే అయ్యుండొచ్చు, సాటా కేబుల్ పోయింది. ఒకసారి నేను కొత్త డిస్క్ కొనిపించాక తెలిసింది, కేబుల్ మీద ఎలక కొరికిన గుర్తులున్నాయని. 197లో అంకె కనపడితే మాత్రం ఆ డిస్క్‌ని నమ్మకు. అది బతికున్న మూడింట్లో ఒకదానికి కనపడితే ఏం ముట్టుకోకుండా నాకు ఫోన్ చెయ్, అప్పుడు దారి వేరే, ఆ జబ్బు డిస్క్‌ని ముందు డీడీరెస్క్యూ అనే కాపీ టూల్‌తో కొత్తదానిలోకి క్లోన్ చేసి ఆ క్లోన్‌తోనే అర్రే (డిస్కులన్నీ కలిసిన కట్ట) లేపాలి.

ఇంకోటి, పడిన డిస్క్ ఇంకా పలుకుతుంటే అర్రేని నడిపే ఎండీఏడీఎం కమాండ్‌లో ఎగ్జామిన్ కొట్టి అప్‌డేట్ టైమ్ అనే లైన్ చూడు, ఆ డిస్క్ ఎప్పటిదాకా అర్రేలో ఉందో అది చెప్తుంది. అది నిన్నటి తేదీయే అవ్వాలని లేదు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఆ తేదీ మూడు వారాల వెనకది, అలర్ట్ మెయిల్స్ అన్నీ సిస్టమ్‌లోని రూట్ (అడ్మిన్) అకౌంట్‌కి పోతున్నాయ్, అవి చదివే నాథుడు లేడు. నీ దాంట్లో కూడా అంతే అనుకుంటా, ఇది అయ్యాక నీ సొంత మెయిల్ ఐడీ పెట్టుకో.

ఇప్పుడు అసలైన గండం, డిస్క్ బయటికి లాగడం. గీత మూడో చోట ఉంది కదా అని క్యాబినెట్‌లో మూడోది లాగావా, అయిపోయావ్. లైనక్స్ డిస్క్‌కి పెట్టే ఎస్‌డీసీ అనే పేరు కూడా బూట్ అయినప్పుడల్లా మారొచ్చు, సీరియల్ నంబర్ ఒక్కటే నిజం. ఈ మాట ఊరికే చెప్పట్లేదురా. నేను ఉద్యోగం చేసేటప్పుడు ఒక రాత్రి ఇలాగే డిగ్రేడెడ్ (ఒక డిస్క్ పోయిన) అర్రే ముందు కూర్చుని, సాఫ్ట్‌వేర్ సున్నా నించి లెక్కపెడుతుంటే నేను ఒకటి నించి లెక్కపెట్టి, మంచి డిస్క్ చేతిలోకి తీసుకున్నా. పట్టుకున్నాక ఇంకా గిర్రున తిరుగుతున్నట్టు చేతికి తెలిసింది, చచ్చిన డిస్క్ అలా తిరగదే అనుకునేలోపు స్క్రీన్ నిండా ఎర్రర్లు. ఆ రాత్రి బయటపడింది ఎలాగంటే, ఇంకేం చెయ్యకుండా అర్రే ఆపేసి, అదే డిస్క్ మళ్లీ పెట్టి, మూడింటి ఈవెంట్ కౌంట్లు (ఎవరు ఎంతవరకు రాసుకున్నారో చెప్పే అంకెలు) చూసి, దాదాపు ఒకటే ఉన్నాయ్ కాబట్టి అసెంబుల్ ఫోర్స్, అంటే ఉన్నవాటిని బలవంతంగా కలుపు అనే కమాండ్, ఇచ్చా, లేచింది. పక్కన కూర్చున్న కుర్రాడు క్రియేట్, అంటే అర్రేని కొత్తగా తయారుచేసే కమాండ్, కొడదామా సార్ అన్నాడు. కొట్టుంటే, డిస్కుల వరస ఒక్కటి అటూఇటూ అయినా మొత్తం కలగాపులగం అయ్యేది. క్రియేట్ అనే మాట నీ వేళ్లకి రానివ్వకు, ఎవడు చెప్పినా సరే.

కొత్త డిస్క్ పాతవాటి 4 టీబీ కంటే చిన్నదైతే తీసుకోదు, సమానం గానీ పెద్దది గానీ కావాలి. ఎస్ఎంఆర్ రకం వద్దు, సీఎంఆర్ అని డేటాషీట్లో చూసి కొను. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయ్, రీబిల్డ్‌లాంటి పెద్ద రాత పడితే నత్తనడకే. 2020లో న్యాస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచే పెట్టెల) డిస్కుల్లో కూడా చెప్పకుండా అదే రకం పెట్టారని పెద్ద గొడవైంది, కాబట్టి డబ్బా మీద న్యాస్ అని ఉంటే సరిపోదు. చవగ్గా వస్తుందని డెస్క్‌టాప్ డిస్క్ కూడా తేకు, అది చెడ్డ సెక్టార్ దగ్గర నిమిషాలకి నిమిషాలు తంటాలు పడుతుంది, లైనక్స్ 30 సెకన్లు చూసి అది చచ్చిందనుకుంటుంది. ఈసారి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో నేనే చూసి పంపిస్తాలే, సికింద్రాబాద్‌లో పనుంది ఎలాగూ.

పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) మంచిదాని నించి కొత్తదానికి కాపీ చేసేటప్పుడు ఏది ఎటో రెండుసార్లు పైకి చదువుకో, తిరగేశావంటే ఖాళీ టేబుల్ మంచిదాని మీద పడుద్ది. తర్వాత ఎండీఏడీఎంకి యాడ్ అంటే చాలు, రీబిల్డ్ అదే మొదలెడుతుంది. ఖాళీగా ఉన్న సిస్టమ్‌లో సెకనుకి 120 ఎంబీ వచ్చినా 4 టీబీకి తొమ్మిది గంటల పైనే, ఆ పన్లో మూడు డిస్కులూ మొదట్నించి చివరిదాకా చదవాలి, అంటే 12 టీబీ. మామూలు డిస్కుల డేటాషీట్లో పది టు ది పవర్ 14 బిట్లకి ఒక చదవలేని చోటు ఉండొచ్చని రాస్తారు, అది 12.5 టీబీ కింద లెక్క, నిజంగా డిస్కులు అంతకంటే మేలుగానే ఉంటాయ్ కానీ, కాపీ ముందు అని ఎందుకు మొత్తుకుంటున్నానో చూడు. అందుకే నెలకోసారి స్క్రబ్ (డిస్కులన్నీ మొత్తం చదివి సరిచూసుకోవడం) కూడా నడవాలి, డెబియన్ లైనక్స్‌లో నెల మొదటి ఆదివారం దానంతటదే నడుస్తుంది, రాత్రిళ్లు సిస్టమ్ ఆపేస్తున్నావ్ కాబట్టి నీకు ఎప్పుడూ నడిచుండదు.

ఏసీ రాత్రంతా ఆన్‌లోనే ఉంచు, యూపీఎస్ బ్యాటరీ ఈ రోజే చెక్ చెయ్యి, నీ దాంట్లో రెండు నిమిషాలు కూడా నిలవదని మీ నాన్న అన్నాడు. శాతం పెరగట్లేదని పది నిమిషాలకోసారి కెలకొద్దు, పడుకో.

కాపీ అయ్యాక నాలుగు రిపోర్టులూ, ప్రతి డిస్క్ పక్కన సీరియల్ నంబర్ స్కెచ్ పెన్‌తో పెద్దగా రాసి క్యాబినెట్ ఫొటో ఒకటీ పంపు. పవర్ ఆఫ్ చేసే లాగుతాం కానీ, నేను నంబర్ చదివి సరే అనేదాకా స్క్రూ డ్రైవర్ తీయకు.

మీ పెదనాన్న